కిడ్నీ మార్పిడి అయ్యాక నాన్న కావాలనుకుంటున్నారా, ముందు ఇవి చూసుకోండి

- మందులు సొంతంగా మాత్రం ఆపకండి ప్లీజ్, బిడ్డకేమవుతుందోనని భయపడి మానేస్తే రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) వచ్చి కిడ్నీయే పోవచ్చు. టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్ అనే రిజెక్షన్ రాకుండా ఇచ్చే మందులతో తండ్రులకి సాధారణంగా ఇబ్బంది ఉండదు.

- మైకోఫినోలేట్ (ఇదీ రిజెక్షన్ ఆపే మందే) వాడుతుంటే నెఫ్రాలజిస్ట్‌ని (కిడ్నీ డాక్టర్‌ని) తప్పకుండా అడగండి, తండ్రి వాడితే బిడ్డకి లోపాలు పెరుగుతాయనడానికి ఆధారాల్లేవని యూరప్ మందుల సంస్థ 2017లో చెప్పింది, అయినా జాగ్రత్త కోసం వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో 90 రోజులూ గర్భం రాకుండా చూసుకోమంది.

- వాల్‌గాన్‌సైక్లోవిర్ (వైరస్ ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే మందు) వేసుకుంటుంటే కోర్సు అయ్యాక కూడా 90 రోజులు కండోమ్ వాడాల్సిందే.

- సిరోలిమస్ అనే ఇంకో రిజెక్షన్ మందు వల్ల వీర్యకణాల కౌంట్ తగ్గొచ్చు, డాక్టర్ మందు మారిస్తే చాలామందికి మళ్లీ పెరుగుతుంది, కాకపోతే కొన్ని నెలలు ఓపిక పట్టాలి.

- మీ జబ్బు వంశపారంపర్యమా? పాలీసిస్టిక్ కిడ్నీ (కిడ్నీల్లో నీటి తిత్తులు పెరిగే జబ్బు) అయితే ఎక్కువగా కనిపించే రకంలో ప్రతి బిడ్డకీ అది వచ్చే ఛాన్స్ 50 శాతం, మీరూ మీ భార్యా కలిసి జెనెటిక్ కౌన్సెలింగ్‌కి (వంశపారంపర్య జబ్బుల గురించి నిపుణుల సలహాకి) వెళ్లండి.