ఏసీలో గ్యాస్ అయిపోయిందంటే వెంటనే నింపించకండి: పాత ఏసీ ఉన్నవాళ్లు ఏం చేయాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా నల్గొండలో రోళ్లకంటే ముందు ఏసీలు మొరాయిస్తాయి. ఇన్నేళ్లుగా ఆ రోజుల్లో నాకొచ్చే ఫోన్లన్నీ ఒకటే: "గ్యాస్ అయిపోయిందన్నా, వచ్చి నింపు." ఈ మధ్య ఇంకో ప్రశ్న తోడైంది: "ఆర్-22 బంద్ అయిందట కదా, ఏసీ పారేయాలా?"

పారేయక్కర్లేదు. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆ గ్యాస్‌తో కొత్త ఏసీలు తయారుచేయడం మన దేశంలో 2025 జనవరి 1 నుంచి ఆగింది, అంతే. రిపేర్ల కోసం 2030 దాకా తగ్గుతూ వస్తుంది, ఆ తర్వాత 2040 వరకు చాలా కొద్దిగా ఉంటుంది. సరుకు తగ్గితే ధర ఎటు పోతుందో మీకు తెలుసు. ఆర్-22 తర్వాత వచ్చిన ఆర్-410ఏ, ఆర్-32 గ్యాసుల ఏసీలున్న వాళ్లకు ఇప్పుడే టెన్షన్ అక్కర్లేదు. భూమిని వేడెక్కించే గ్యాసులు తగ్గించాలని దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందం కింద మన దేశం ఆ రకం గ్యాసుల వాడకానికి 2028లో పరిమితి పెడుతుంది. 2032లో 10 శాతం, 2047 నాటికి 85 శాతం తగ్గిస్తుంది.

మొదటి పని, అవుట్‌డోర్ యూనిట్ పక్కనున్న స్టిక్కర్ చదవడం. గ్యాస్ పేరు, ఎంత బరువు పట్టాలో అక్కడే ఉంటుంది. ఎండకు అక్షరాలు పోకముందే ఫోటో తీసుకోండి.

రెండో పని, ఫిల్టర్ కడగడం, అవుట్‌డోర్ కాయిల్‌ను నీళ్లతో శుభ్రం చేయించడం. మన రోడ్ల దుమ్ముకు అది మూసుకుపోయి చల్లదనం తగ్గితే దాన్నే "గ్యాస్ పోయింది" అంటారు. ఇదంతా ఫిబ్రవరిలోనే అయిపోవాలి. మేలో పిలిస్తే ఏ మెకానిక్కూ నిలబడి పని చేయడు, నాతో సహా.

మూడోది గ్యాస్ పని. చెడగొట్టేదంతా ఇక్కడే.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. కారే చోటు పట్టకుండా నింపితే బిందెకు చిల్లు ఉంచి నీళ్లు పోసినట్టే. ఆర్-22 కరువయ్యే రోజుల్లో ఆ ఖర్చు ఏటేటా పెరుగుతుంది.

రాగి పైపులు యూనిట్‌కు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర మీరే చూడండి. నూనె మరక, దానికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే చాలావరకు అక్కడే లీకు. కనిపించకపోతే మెకానిక్ చేత నైట్రోజన్ పట్టించి సబ్బు నురగ రాయించాలి. ఇప్పుడు కుర్ర మెకానిక్‌లు లీకు దగ్గర కూతపెట్టే మిషన్లు తెస్తున్నారు. నాకు వాటిమీద నమ్మకం లేదు, గాలి వీస్తే అది ఒకచోట కూస్తుంది, లీకు ఇంకోచోట ఉంటుంది. సబ్బు బుడగ అబద్ధం చెప్పదు. ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఎక్కడుందో ఫోటో తీసి రాత్రంతా వదిలేయండి. పొద్దున బాగా దిగి ఉంటే ఇంకా లీకుంది. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ సిలిండర్ తెస్తే మాత్రం గేటు దాటనివ్వకండి, కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది.

లీకు మూశాక పైపుల్లోని గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టాలి. అరగంటకు తక్కువ ఒప్పుకోకండి. పంపు ఆపాక ముల్లు లేవకూడదు. ఆ తర్వాతే స్టిక్కర్ మీదున్న బరువు ప్రకారం కాటా పెట్టి గ్యాస్ ఎక్కించాలి. పైపు చేత్తో పట్టుకుని "చాలు చల్లగైంది" అనేవాడి చేతికి మీ ఏసీ ఇవ్వకండి.

ఆర్-22 ఏసీలో ఆర్-410ఏ పోస్తామంటే ఒప్పుకోవద్దు. దాని ఒత్తిడి సుమారు 60 శాతం ఎక్కువ, నూనె రకమూ వేరు. కంప్రెసర్ తట్టుకోదు. చవకగా వస్తుందని వంటగ్యాస్ లాంటిది ఎక్కించేవాళ్లూ ఉన్నారు. నార్కట్‌పల్లి వైపు ఒకింట్లో అలాంటిది తెలియక వెల్డింగ్ మంట పెట్టాను. కనుబొమ్మలు కాలాయి, ఇల్లు మిగిలింది. అందుకే ముందు ఏం పోశారో మెకానిక్‌కు దాచకుండా చెప్పండి.

ఆర్-22 ఏసీకి పదేళ్లు దాటి, లీకు కాయిల్‌లోనే ఉంటే ఇక డబ్బు పెట్టకండి. కొత్తది ఆర్-32 తీసుకోండి. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ను 1 అనుకుంటే ఆర్-410ఏ లెక్క 2088, దీనిది 675. ఆర్-290 అనే ప్రొపేన్ గ్యాస్ లెక్క ఇంకా చాలా తక్కువే గానీ సులభంగా అంటుకుంటుంది, కంపెనీ నేర్పిన మనిషి తప్ప ఎవరూ ముట్టకూడదు. పాత ఏసీ విప్పేటప్పుడు గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టించండి.

బిల్లు మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు ఎక్కించారో రాయించుకుని బీరువాలో పెట్టండి. ఇండోర్ యూనిట్ మీద పెడితే అది లోపలికి జారి బ్లోయర్‌కు చుట్టుకుంటుంది. తీయడానికి మళ్లీ నన్నే పిలుస్తారు.