ఇంగ్లండ్ నేపథ్యంలో చారిత్రక నవల రాద్దాం – 5వ పాఠం: ఉత్తరం బయటి వైపు

కిందటి పాఠం చివర మీ కథ జరిగే ఏడాది, ఊరు, నాయికా నాయకుల హోదా తేల్చుకోమన్నాం. ఈ పాఠంలో లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద వేద్దాం. ఏడాది 1814, నెల నవంబరు. నాయిక బాత్ పట్నంలో మేనత్త ఇంట్లో ఉంది, నాయకుడు లండన్‌లో ఉన్నాడు. మీ కథ 1812కూ 1839కూ మధ్య ఎప్పుడు జరిగినా ఇక్కడి తపాలా రేట్లు పనికొస్తాయి. 1840 జనవరి 10న దేశమంతటికీ ఒక పెన్నీ రేటు వచ్చింది, మే 6 నుంచి స్టాంపు చెల్లుబాటయింది. ఆ తర్వాతి కాలానికి లెక్క వేరు.

ఈ పాఠంలో పట్టుకోవలసింది ఒక్కటే: ఉత్తరంలో ఏముందో రాసే ముందు దాని బయటి వైపు తయారు చేసుకోండి. ఎన్ని ఠావులు, ఎవరు డబ్బు కట్టారు, ఏ రోజు బయలుదేరింది, పైన చేతిరాత ఎవరిది అన్నవి తేలితే సగం కథ దానంతటదే నడుస్తుంది. ప్రేమ దాచుకోవాల్సిన చోటూ, నేరస్థుడు దొరికిపోయే చోటూ అక్కడే ఉంటాయి.

మడత

ముందుగా కవరును మీ మనసులోంచి తీసేయండి. ఆ రోజుల్లో రుసుము దూరాన్ని బట్టి, ఠావుల సంఖ్యను బట్టి ఉండేది. కవరు వాడితే అదీ ఒక ఠావు కిందే లెక్క, రుసుము రెట్టింపు. అందుకే పెద్ద ఠావును మధ్యకు మడిచి నాలుగు పుటలు చేసేవారు. మొదటి మూడు పుటల్లో ఉత్తరం, నాలుగో పుట మధ్య భాగంలో చిరునామా. ఆ చిరునామాకు పైనా కిందా మిగిలిన జాగా మడత లోపలికి పోతుంది కాబట్టి అక్కడా నాలుగు ముక్కలు రాసేవారు. ఇంకా చెప్పాల్సింది ఉంటే కాగితాన్ని పక్కకు తిప్పి, రాసిన వరుసల మీదుగానే అడ్డంగా మళ్లీ రాసేవారు. ఇలాంటి ఉత్తరం చదవడం కష్టం. మీ పాత్ర దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివితే సహజంగా ఉంటుంది, ఒక మాట తప్పు చదివినా పాఠకుడు నమ్ముతాడు.

మడిచాక ఒక అంచును ఇంకో అంచులోకి దూర్చి, పైన లక్క ముద్ర వేస్తారు, లేదా పిండితో చేసిన చిన్న బిళ్ళను తడిపి అంటిస్తారు. లక్కకు మంట కావాలి, కాస్త తీరికా కావాలి. బిళ్ళ తొందర పనికి. పెద్దమనుషులకు బిళ్ళ అంటించి పంపడం అంత మర్యాద కాదు. నల్ల లక్క కనబడితే ఇంట్లో అందరికీ గుండె ఝల్లుమంటుంది, అది చావు కబురు.

ఉత్తరం విప్పేటప్పుడు ముద్ర కింది కాగితం చిరుగుతుంది. ఆ ముక్క లక్కతో పాటే పోతుంది, దాని మీద రాసి ఉన్న రెండు మూడు మాటలూ పోతాయి. అనుభవమున్నవాళ్లు ముద్ర పడే చోటు ఖాళీగా వదిలి రాస్తారు. మిస్టరీ రాసేవారికి ఇది చక్కని ఆధారం. ఎప్పుడూ చోటు వదిలే మనిషి ఈసారి వదలలేదంటే, ఒకటి తొందరలో ఉండి ఉండాలి, లేదా ఆ ఉత్తరం ఆమె రాసింది కాదు.

రుసుము

డబ్బు మామూలుగా అందుకున్నవారే కట్టాలి. ఒక ఠావుకు 15 మైళ్ల లోపు 4 పెన్స్, 30 నుంచి 50 మైళ్లకు 7, 50 నుంచి 80కి 8, 80 నుంచి 120కి 9, 170 నుంచి 230కి 11. బాత్ నుంచి లండన్‌కు దాదాపు 107 మైళ్లు, అంటే 9 పెన్స్. రెండు ఠావులైతే 18 పెన్స్, 12 పెన్స్ ఒక షిల్లింగు కాబట్టి ఒకటిన్నర షిల్లింగు. పొలం కూలీకి 9 పెన్స్ దాదాపు సగం రోజు సంపాదన. పేద పాత్రల చేత వారానికి రెండు ఉత్తరాలు రాయించకండి, డబ్బు లేక వచ్చిన ఉత్తరాన్ని తిప్పి పంపడమే వాళ్ల విషయంలో నిజమనిపిస్తుంది.

తపాలా గుమాస్తా ఉత్తరాన్ని దీపానికి ఎదురుగా పట్టి లోపల ఎన్ని కాగితాలున్నాయో చూస్తాడు. రుసుమును సిరాతో చిరునామా వైపే పెద్దగా రాస్తాడు. ఊరి ముద్ర కూడా పడుతుంది.

ఇప్పుడు ప్రేమకథ సంగతి. పెళ్లికాని అమ్మాయి, పెళ్లికాని అబ్బాయి ఉత్తరాలు రాసుకోవాలంటే నిశ్చితార్థం అయి ఉండాలి. కాకుండా రాసుకుంటున్నారని తెలిస్తే, అయిపోయిందనే లోకం అనుకుంటుంది. కాబట్టి మీ నాయకుడు నేరుగా రాయలేడు. రాసినా తలుపు దగ్గర డబ్బు కట్టేది నౌకరు, చేతిరాత చూసేది మేనత్త. అతనికున్న దారి తన చెల్లెలు. ఆమె నాయికకు రాసే ఉత్తరంలో ఇతని కాగితం మడిచి పెట్టవచ్చు. అయితే ఆ రోజు రుసుము 9 పెన్స్ కాదు, 18. మేనత్త ఇంటి ఖర్చుల పుస్తకంలో ఆ తేడా కనబడుతుంది. ఉత్తరం ఎవరూ తెరవకుండానే రహస్యం బయటపడే దారి ఇది. నౌకరు పొంచి వినడం కంటే వందరెట్లు మేలు.

కాలం

ఎక్కువ రచనలు దెబ్బతినేది ఇక్కడే. పొద్దున రాసిన ఉత్తరానికి సాయంత్రం జవాబు వచ్చేస్తుంది. లండన్ నగరం లోపల, రెండు పెన్నీల తపాలాలో అది సాధ్యమే. ఊరు దాటితే కుదరదు.

లండన్ నుంచి మెయిల్ కోచ్‌లు, అంటే తపాలా మోసే గుర్రపు బండ్లు, రాత్రి 8 గంటలకు బయలుదేరతాయి, ఆదివారం తప్ప. ఆదివారం లండన్‌లో ఉత్తరాల పంపిణీ కూడా లేదు. బాత్‌కు రాత్రంతా ప్రయాణం. 1814 నవంబరు 10 గురువారం. ఆ సాయంత్రం బాత్‌లో వేసిన ఉత్తరం శుక్రవారం పగలు లండన్‌లో అందుతుంది. నాయకుడు సాయంత్రం 5 లోపు జవాబు రాసి ఇస్తే శనివారం పొద్దున నాయిక చేతిలో ఉంటుంది. అతను ఒక్క రోజు తటపటాయించి శనివారం వేస్తే ఆదివారం. ఆదివారం రాశాడా, సోమవారం రాత్రి దాకా కోచ్ లేదు, ఆమెకు అందేది మంగళవారమే. ఒక రోజు జాప్యం రెండు రోజులవుతుంది. ఆ రెండు రోజుల్లో ఆమె ఇంకొకరి పెళ్లి ప్రస్తావనకు ఒప్పుకోవచ్చు. అపార్థాలు అల్లడానికి కష్టపడనక్కర్లేదు, క్యాలెండర్ చూస్తే చాలు.

మచిలీపట్నంలోనో మద్రాసులోనో కంపెనీ కొలువులో ఉన్న అన్న నుంచి ఉత్తరం రావాలంటే మాత్రం ఓడ ఆఫ్రికా చుట్టి రావాలి. నాలుగైదు నెలలు మామూలే. చనిపోయిన మనిషి ఉత్తరం అతని చావు కబురు తర్వాత చేరడం ఆ ఇళ్లలో నిజంగా జరిగేదే.

ఫ్రాంక్

పార్లమెంటు సభ్యులకు, ప్రభువులకు తపాలా ఉచితం. అలా ఉచితంగా వెళ్లేందుకు వాళ్లు ఉత్తరం పైన చేసే సంతకమే ఫ్రాంక్. చిరునామా వైపు సంతకం చేస్తే చాలదు. ఊరు, తేదీ, నెల, ఏడాది, పూర్తి చిరునామా అంతా సభ్యుడు స్వహస్తాలతో రాయాలి. బరువు ఒక ఔన్సు దాటకూడదు. రోజుకు పంపేవి 10, అందుకునేవి 15 మించకూడదు. ఉత్తరం వేసిన చోటికి 20 మైళ్ల లోపల అతను ఉండాలి. ఫ్రాంక్‌ను ఫోర్జరీ చేస్తే ఏడేళ్లు ద్వీపాంతరం.

ఈ నిబంధన మిస్టరీ రచయితకు దొరికిన నిధి. హత్య జరిగిన నాడు యార్క్‌లో ఉన్నానని చెప్పే సభ్యుడి చేతిరాతతో, అదే తేదీతో, 'లండన్' అని ఉన్న ఫ్రాంక్ ఒక వృద్ధురాలి కుట్టుపెట్టెలో దొరికిందనుకోండి. యార్క్ లండన్‌కు దాదాపు 200 మైళ్లు. ఒకటి అతను అబద్ధం చెప్పాడు, లేదా చట్టానికి విరుద్ధంగా ముందే తేదీ వేసి ఎవరికో ఇచ్చాడు. రెండోదైతే ఆ ఖాళీ ఠావు అందుకున్నదెవరన్నదే మీ తర్వాతి అధ్యాయం. ఊరి ముద్ర కూడా సరిచూడండి. ఫ్రాంక్‌లో లండన్ అని ఉండి ముద్ర వేరే ఊరిదైతే పరిశోధకుడి పని ఇంకా తేలిక.

అభ్యాసం

ఒక ఏ3 కాగితం తీసుకోండి, నాలుగు పుటలుగా మడవండి. మూడు పుటలు నిండేలా నాయకుడి చెల్లెలు రాసే ఉత్తరం రాయండి. చిరునామా, రుసుము అంకె, ఊరి ముద్ర, తేదీ బయట వేయండి. దాన్ని మడిచి, ముద్ర స్థానంలో గోధుమపిండి ముద్ద అంటించి ఆరనివ్వండి. తర్వాత చింపి విప్పండి. ఏ మాటలు పోయాయో గుర్తించి, ఆ మాటలు లేకుండా నాయిక ఆ ఉత్తరాన్ని ఎలా అర్థం చేసుకుంటుందో 300 పదాల్లో సన్నివేశంగా రాయండి. లోపల నాయకుడి కాగితం ఉందా లేదా అన్నది రుసుము అంకె ద్వారానే తెలియాలి, మాటల్లో చెప్పకూడదు.

6వ పాఠంలో కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) విచారణ: జ్యూరీలో ఎవరుంటారు, సత్రంలో ఎందుకు జరుపుతారు, శవాన్ని ఎవరు చూడాలి.