పాత శాంప్లింగ్ కీబోర్డును మళ్లీ పలికించడం ఎలా?

1980ల నాటి శాంప్లింగ్ కీబోర్డు, అంటే రికార్డు చేసిన ధ్వనులను కీల మీద పలికించే వాద్యం, చేతికి రాగానే ప్లగ్గు పెట్టి స్విచ్ వేయాలనిపిస్తుంది. వేయకండి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్నదైతే ముందు పవర్ సప్లైని చూడాలి.

ప్లగ్గు తీసేసి మూత విప్పండి. కెపాసిటర్లలో కాసేపు ఛార్జ్ నిలిచి ఉంటుంది కాబట్టి వెంటనే చేయి పెట్టొద్దు. ఉబ్బిన కెపాసిటర్లు, కింద కారిన మరకలు ఉన్నాయేమో చూడండి. మెయిన్స్ కరెంటు లోపలికి వచ్చే చోట ఉండే పెట్టెలాంటి చిన్న కెపాసిటర్ పగుళ్లిచ్చి ఉంటే మార్చాల్సిందే. ఆన్ చేయగానే పొగలు కక్కేది ఎక్కువగా అదే. తర్వాత ఆన్ చేసి మల్టీమీటర్ పెట్టి చూస్తే 5 వోల్టుల లైను 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. ఈ పని అలవాటు లేకపోతే తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి.

ఇక అసలు సంగతి, ఫ్లాపీలు. ఈ కీబోర్డుల్లో ధ్వనులు ఉండేది ర్యామ్‌లో. కరెంటు పోతే అన్నీ పోతాయి. ఎన్సోనిక్ మిరాజ్‌నే తీసుకోండి. 8 బిట్ల శాంపిలర్, 128 కిలోబైట్ల శాంపిల్ మెమరీ. దాని ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఫ్లాపీ నుంచే రావాలి. ఆ ఫ్లాపీ చెడిపోతే కీబోర్డు ఎంత బాగున్నా నోరు విప్పదు. అందుకే రిపేరు కన్నా ముందు ఫ్లాపీల కాపీలు తీయమంటాను.

ఒక్కో ఫ్లాపీ షట్టర్‌ను వేలితో పక్కకు జరిపి, గోధుమ రంగు డిస్కును వెలుతురులో తిప్పి చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు. దాన్ని డ్రైవ్‌లో పెట్టకూడదు. నేనొకసారి చూసుకోకుండా పెట్టాను. బూజు డ్రైవ్‌లో డిస్కును చదివే హెడ్‌కు అంటుకుని, ఆ తర్వాత పెట్టిన రెండు మంచి ఫ్లాపీలనూ గీరేసింది. ఆ ధ్వనులు మళ్లీ దొరకలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. శుభ్రంగా ఉన్న ఫ్లాపీ మూలనున్న చిన్న మీటను జరిపి కన్నం తెరిచి ఉంచితే, పొరపాటున చెరిగిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు. మామూలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లు మిరాజ్ ఫార్మాట్‌ను చదవలేవు. గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డుకు పాత డ్రైవ్ తగిలించి కంప్యూటర్‌లోకి తీసుకోవచ్చు. కొత్తగా రాయడానికి డబుల్ డెన్సిటీ ఫ్లాపీలే వాడండి. హై డెన్సిటీ వాటికి రెండో మూలన అదనంగా ఉండే కన్నం మూసి వాడితే ఇవాళ పనిచేసినా రేపు చదవకపోవచ్చు.

డ్రైవ్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన స్వాబ్‌తో మెల్లగా తుడవండి. పై హెడ్‌ను ఎత్తి లాగకండి, అలైన్‌మెంట్ పోతుంది. హెడ్ కదిలే పట్టాల మీద గట్టిపడిన పాత గ్రీజు తీసేసి కొత్తది పలచగా రాయండి. డ్రైవ్ మరీ మొండికేస్తే దాని స్థానంలో గోటెక్ (ఫ్లాపీ డ్రైవ్‌లా నటించే పెట్టె) పెట్టి యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌తో నడిపించవచ్చు. మీ మోడల్‌కు కుదురుతుందో లేదో ముందే చూసుకోండి. పాత డ్రైవ్‌ను మాత్రం పారేయొద్దు.

కీలు పలకకపోవడం చూసి భయపడనక్కర్లేదు. చాలా మోడళ్లలో రబ్బరు కింద నల్లటి కార్బన్ చుక్కలుంటాయి. దుమ్ము పడితే కీ మూగబోతుంది, లేదా మెల్లగా నొక్కినా గట్టిగా మోగుతుంది. చుక్కనూ బోర్డునూ ఆల్కహాల్‌తో సున్నితంగా తుడిస్తే చాలు. రుద్దితే కార్బనే ఊడిపోతుంది. సాకెట్లలో ఉన్న చిప్‌లు ఏళ్ల వేడికీ చల్లదనానికీ పైకి లేస్తాయి. ముందు లోహపు చాసిస్‌ను తాకి ఒంట్లోని స్టాటిక్ పోగొట్టుకుని, ఒక్కొక్కదాన్నీ వేలితో నిటారుగా నొక్కండి. ఉన్నట్టుండి హ్యాంగ్ అయ్యే జబ్బు కొన్నిసార్లు దీనితోనే పోతుంది.

బ్యాటరీ ఉన్న మోడల్ అయితే సెట్టింగులు సేవ్ చేసుకున్నాకే మార్చండి. కారిన నికెల్ కాడ్మియం బ్యాటరీ బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది, అలాంటిది కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. దాని చోట నేరుగా లిథియం సెల్ పెట్టకూడదు, ఛార్జింగ్ కరెంటు అందకుండా సర్క్యూట్‌లో మార్పు చేయాలి.

ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో చీటీ రాసి మూత లోపల అంటించండి. తర్వాత దాన్ని విప్పేవాళ్లు మొదట వెతికేది ఆ చీటీ కోసమే.