తారాతారిణి కొండకి వస్తున్నారా, కోతులున్న చోట ఇలా ఉండండి

మాది ఒడిశాలో బరంపురం, తారాతారిణి కొండ మాకు దగ్గరే, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. ప్రతి ఏడాది చైత్ర మంగళవారాలకి శ్రీకాకుళం, వైజాగ్ నుంచి చుట్టాలు దిగుతారు, తారాతారిణి అమ్మవారి దర్శనమనీ పిల్లల పుట్టువెంట్రుకలనీ, వాళ్ళని కొండకి తీసుకెళ్ళే పని నాదే. కారు దిగకముందే అందరికీ ఒక మాట చెప్తాను, చేతుల్లో ఏమీ కనబడకూడదు అని.

కోతికి మన మీద పగేం ఉండదండి, దాని కన్నంతా కవర్ మీదే. ఏళ్ళ తరబడి భక్తులు అరటిపళ్ళు, కొబ్బరి చిప్పలు, బిస్కెట్లు వేసి వేసి కవర్ గరగరమంటే తిండి అని వాటికి మనమే నేర్పించేశాం, ఇప్పుడు అందులో చీర ఉందో చెప్పులున్నాయో దానికెలా తెలుస్తుంది, లాగేస్తుంది అంతే. అందుకని పూజ సామాను గుడ్డ సంచిలో కట్టి, ఆ సంచిని జిప్పున్న బ్యాగులో పెట్టి, బ్యాగు వీపుకి కాకుండా ముందుకి తగిలించుకోండి, వాటర్ బాటిల్ కూడా లోపలే. పిల్లలకి చాక్లెట్, చిప్స్ ఏదైనా సరే కారులోనే తినిపించి మూతి, చేతులు కడిగి దింపండి. పుణ్యం వస్తుందని కోతులకి పళ్ళు పెట్టేవాళ్ళకి దండం పెట్టి చెప్తున్నాను, పెట్టకండి, మీరు పెట్టి వెళ్ళిపోతారు, మీ వెనకాల వచ్చిన చంటిపిల్ల చేతిలో పండు లేకపోతే అది ఆ పిల్ల మీదకే వెళ్తుంది.

ఇక్కడ ఎక్కువ కనిపించేవి ఎర్రమూతి కోతులు, తోక పొట్టిగా ఉంటుంది. నల్లమూతి, పొడుగు తోక ఉంటే కొండముచ్చు, అవి ఆకులు, కాయలు తినే రకం కానీ జనం తిండి అలవాటైతే అవీ దగ్గరికొస్తాయి. రెండిట్లో దేని కళ్ళలోకీ అదే పనిగా చూడకండి, వాటి లెక్కలో అది గొడవకి రమ్మనడం. పళ్ళు బయటపెడితే నవ్వుతోందని సెల్ఫీ తీసుకునేవాళ్ళని చూశాను, అది నవ్వు కాదండి, భయమో బెదిరింపో. పెద్ద మగకోతి ఆవలించినట్టు నోరు తెరిచి కోరలు చూపించినా అంతే, పక్కకి వచ్చేయండి. పిల్లకోతి ముద్దుగా ఉందని ఫోన్ పట్టుకుని దగ్గరికి అసలు వెళ్ళొద్దు, తల్లి ఎక్కడో ఉండదు, మీ నెత్తి మీద కొమ్మ మీదే ఉంటుంది.

అయినా వచ్చేసిందనుకోండి, పరిగెత్తొద్దు, కేకలు పెట్టొద్దు, దానికి వీపు చూపించకుండా మెల్లగా వెనక్కి నడుస్తూ ఖాళీ అరచేతులు చూపించండి. చేతిలో పండు ఉంటే దూరంగా విసిరేయండి, బ్యాగు పట్టుకుంటే లాక్కోవద్దు వదిలేయండి, లాగులాటలోనే కరుస్తుంది. అక్కడ మెట్లు 999, నేను చూసినంతలో కోతి కన్నా కంగారులో కాలు జారి పడ్డవాళ్ళకే ఎక్కువ దెబ్బలు, కాబట్టి పెద్దవాళ్ళు గోడ వైపు నడవండి, పిల్లలు మధ్యలో.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది. పోయిన చైత్రంలో మా పెద్దక్క కొడుకు, ఆరేళ్ళవాడు, వాడి మోచేతి మీద కోతి గోరు గీరింది, సన్నగా నెత్తురు చార. అక్క వాళ్ళ అత్తగారు పసుపు అద్దుదామన్నారు, కింద ఒక మందుల షాపులో అడిగితే ఆయింట్‌మెంట్ రాస్తే చాలన్నారు, నాకు మాత్రం మనసు ఒప్పలేదు. రేబిస్ కుక్క నుంచే రావాలని లేదు, కోతి కాటు నుంచీ రావచ్చు, లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు ఉండదు, ముందే సూది వేయిస్తే ఆపగలం. కరిచినా గీరినా వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, నేనందుకే కొండకి వెళ్ళినప్పుడల్లా చిన్న సబ్బు ముక్క బ్యాగులో వేసుకుంటాను. తర్వాత బెటాడిన్, అదే గాయాలకి రాసే క్రిమినాశక మందు, రాయండి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు, బిగించి కట్టు కట్టొద్దు.

అట్నుంచి అటే సర్కారీ ఆస్పత్రికి వెళ్ళండి, బరంపురంలో అయితే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. నెత్తురు వచ్చిన గాయమైతే వ్యాక్సిన్‌తో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే తయారు యాంటీబాడీల సూది) సంగతి కూడా అడగండి, టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే సూది) కూడా. వ్యాక్సిన్ చర్మంలోకి వేస్తే మొదటి రోజుని సున్నా అనుకుని 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి వేస్తే మధ్యలో 14వ రోజు కూడా. చుట్టాలు మర్నాడే రైలెక్కేస్తారు కదా, ఆ కార్డు జాగ్రత్తగా పెట్టుకుని మిగతావి మీ ఊళ్ళో వేయించుకోండి, గాయం మానిపోయిందని చివరి సూది చాలామంది ఎగ్గొట్టేస్తారు. మా వాడిది 28వ రోజు పొద్దున్నే నేను ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు, నాకు చెమటలు పట్టేశాయి, గంట తర్వాత తనే చేసింది, ఆస్పత్రిలో క్యూలో ఉన్నానే, ఇప్పుడే వేశారు అని.