చెన్నై నుంచి కెన్యా మిషన్ ఆసుపత్రికి: హౌస్ సర్జన్లు, పీజీలు ముందే చూసుకోవలసినవి

మిషన్ ఆసుపత్రి పోస్టింగ్ గురించి దొరికే సలహాల్లో చాలావరకు పాశ్చాత్య దేశాల ట్రైనీల కోసం రాసినవే. టీబీ వార్డు చూసి బెదరొద్దు, కరెంటు పోతే కంగారుపడొద్దు అంటాయి. చెన్నైలో ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసినవాళ్లకు ఆ మాట చెప్పక్కర్లేదు. మనవాళ్లు తడబడేది కాగితాల దగ్గర, టీకాల తేదీల దగ్గర, ఇక్కడ పనికొచ్చిన అలవాటు అక్కడ ప్రమాదమయ్యే ఒకటి రెండు కేసుల దగ్గర.

కెన్యాలో ఎక్కువమంది వెళ్లేవి బోమెట్ దగ్గరి టెన్‌వెక్, నైరోబీకి వాయవ్యంగా రిఫ్ట్ లోయ అంచున ఉన్న కిజాబే. మొదటిది 1937లో, రెండోది 1915లో చిన్నగా మొదలయ్యాయి. ఇప్పుడు రెండూ సొంత రెసిడెన్సీలు (స్పెషలిస్టు శిక్షణలు) నడిపే బోధనాసుపత్రులు. అంటే అక్కడ ఏ ప్రొసీజర్ అయినా ముందు కెన్యా రెసిడెంట్లకే దక్కాలి. 'చేయి తిరగాలి' అనే ఆశతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే అరిగించుకోవాలి. ఇక్కడ సీనియర్ పక్కన లేకుండా చేయడానికి మీకు అనుమతి లేని పని అక్కడా చేయకూడదు.

కాగితాలు

ఆరేడు నెలల ముందు మొదలుపెట్టండి. ఇంటర్న్‌షిప్‌లో సెలవు 15 రోజులే కాబట్టి, డీన్ లిఖిత అనుమతి లేకుండా నెల రోజుల పోస్టింగ్ ఒప్పుకుంటే ఇంటర్న్‌షిప్ పొడుగవుతుంది. అది పూర్తయ్యాక, పీజీ సీట్ల కౌన్సెలింగ్‌కు ముందు దొరికే ఖాళీలో వెళ్లడం మేలు.

విదేశీ డాక్టర్లకు తాత్కాలిక లైసెన్సు ఇచ్చేది కెన్యా మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్. దరఖాస్తు ఆసుపత్రి ద్వారా నడుస్తుంది, పత్రాలు మీరు పంపాలి. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీ రిజిస్ట్రేషన్ మీద ఏ మచ్చా లేదనే పత్రం) మీరు నమోదైన రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ నుంచే రావాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో రిజిస్టరై, పీజీకి వచ్చాక తమిళనాడు కౌన్సిల్‌కు మారినవాళ్లు ఏది కావాలో, రెండూ కావాలో ముందే ఈమెయిల్‌లో అడిగి ఉంచుకోండి. ఈ సర్టిఫికెట్‌కు కాలపరిమితి తక్కువ, మరీ ముందు తీసుకుంటే మళ్లీ తీసుకోవాల్సి వస్తుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఇంటిపేరు. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, డిగ్రీ మీద ఒక్క అక్షరం ఇనీషియల్ ఉంటే పోలిక కుదరక ఫైలు ఆగిపోతుంది. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి, మొదటి దరఖాస్తుతోనే జతచేయండి.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఆన్‌లైన్ ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) ఉంది. అది ప్రయాణానికి అనుమతి, అంతే. రోగులను చూసే పోస్టింగ్‌కు ఇంకే పాస్ కావాలో ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కొన్ని పంపే సంస్థలు విశ్వాస ప్రకటన మీద సంతకం అడుగుతాయి. క్రైస్తవులు కానివాళ్లు మొహమాటానికి సంతకం పెట్టొద్దు. సంగతి చెప్పి, నేరుగా ఆసుపత్రికే దరఖాస్తు చేసే దారి ఉందేమో అడగండి.

టీకాలు, మందులు

హెపటైటిస్ బి డోసులు 0, 1, 6 నెలలకు పడతాయి. ఆరు నెలల ముందు అన్నది ఇందుకే. మూడూ పడ్డవాళ్లు యాంటీ హెచ్‌బీఎస్ (టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చేయించుకుని 10 దాటిందో లేదో చూసుకోవాలి.

యెల్లో ఫీవర్ టీకా గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. వయల్ కలిపాక 6 గంటల్లో వాడేయాలి కాబట్టి ఎవరు ఎప్పుడొస్తే అప్పుడు తెరవరు, రోజు ముందే ఖాయం చేసుకోండి. సర్టిఫికెట్ చెల్లుబాటు టీకా వేసిన 10 రోజులకు మొదలవుతుంది. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇది బతికున్న వైరస్ టీకా. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటివి కూడా కావాలంటే అదే రోజు వేయించుకోండి, లేదా 4 వారాలు ఆగండి. గుడ్డు అలర్జీ ఉంటే ముందే చెప్పాలి.

ఈ ఆసుపత్రులు రెండు వేల మీటర్ల పైన ఉన్నాయి, దోమలు తక్కువ. అయినా సెలవు రోజున మసాయి మారాకో విక్టోరియా సరస్సు వైపుకో దిగితే మలేరియా ప్రాంతమే. మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, బయల్దేరే ముందు రోజు నుంచి తిరిగొచ్చాక 4 వారాల వరకు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకపోతే అన్నవాహిక పుండు పడుతుంది. ఈ మందుతో ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది కూడా.

సంచిలో స్వెటర్ తప్పదు, చెన్నై శరీరాలకు అక్కడి రాత్రులు చలే. కెన్యా సాకెట్లు మూడు చదరపు పిన్నులవి, మన ప్లగ్గు పట్టదు. హెడ్‌ల్యాంపు, పల్స్ ఆక్సీమీటర్, మీ సైజు గ్లవ్స్ పెట్టుకోండి. గడువు దగ్గరపడ్డ శాంపిల్ మందులు దానమని మోసుకెళ్లొద్దు. కస్టమ్స్‌లో ఇబ్బంది, అక్కడ చెత్త.

వార్డులో

పిల్లల వార్డు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డెంగీ సీజన్లు చూసిన మన చెయ్యి షాక్ (రక్తప్రసరణ పడిపోవడం) అనగానే బోలస్ మీదికి, అంటే సెలైన్ ఒక్కసారిగా ఎక్కించడం మీదికి పోతుంది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3,141 మంది పిల్లల మీద జరిగిన ఫీస్ట్ ట్రయల్ 2011లో వెలువడింది. బోలస్ ఇచ్చిన గుంపుల్లో 48 గంటల్లో మరణాలు సుమారు 10.5 శాతం, ఇవ్వని గుంపులో 7.3 శాతం. ఆ పిల్లల్లో చాలామందికి మలేరియా, తీవ్ర రక్తహీనత ఉన్నాయి. విరేచనాల వల్ల నీరు పోయినవాళ్లను ఆ ట్రయల్‌లో చేర్చలేదు, వాళ్ల లెక్క వేరు. కాబట్టి జ్వరంతో పాలిపోయి వచ్చిన బిడ్డకు సెలైన్ తెరిచే ముందు హిమోగ్లోబిన్, మలేరియా పరీక్ష, గ్లూకోజ్ చూడండి, అక్కడి ప్రొటోకాల్ అడగండి. కావలసింది తరచు రక్తమే. తీవ్ర మలేరియాకు సిరలోకి ఆర్టీసునేట్ 0, 12, 24 గంటలకు, కిలోకు 2.4 మిల్లీగ్రాములు. 20 కిలోల లోపు పిల్లలకు మాత్రం కిలోకు 3.

పెద్దల వార్డులో హెచ్ఐవీ రోగికి తలనొప్పి అంటే క్రిప్టోకోకల్ మెనింజైటిస్‌ను (మెదడు పొరలకు సోకే ఫంగస్ జబ్బు) మొదట తలుచుకోండి. మందులతో పాటు తల లోపలి పీడనం తగ్గించడమూ చికిత్సే. ఎల్పీలో (వెన్నులో సూది గుచ్చి నీరు తీసే పరీక్ష) ఓపెనింగ్ ప్రెషర్, అంటే మొదట కొలిచే పీడనం, 25 సెంటీమీటర్లు దాటితే నీరు తీయాలి. మానోమీటర్ లేకపోతే స్టెరైల్ ఐవీ గొట్టం, స్కేలుతో కొలవొచ్చు. ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులు) వెంటనే మొదలుపెడితే తల లోపల వాపు పెరిగి ప్రాణం పోవచ్చు, 4 నుంచి 6 వారాలు ఆగాలి.

సూది గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బు నీళ్లతో కడగండి. పీఈపీ (హెచ్ఐవీ సోకకుండా వేసుకునే మందులు) తొలి మాత్ర వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు పడాలి, కోర్సు 28 రోజులు. కిట్ ఎక్కడుంటుందో, రాత్రి తాళం ఎవరి దగ్గరుంటుందో మొదటి రోజే కనుక్కోండి.

అక్కడ రోగులను చూసి చికిత్స చేసే క్లినికల్ ఆఫీసర్లకు ఎంబీబీఎస్ ఉండదు. ఆ వార్డు గురించి మీకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. మనవాళ్లలో డిగ్రీ చూసి మాట్లాడే అలవాటు కొందరికుంది, అక్కడ అది రెండు రోజుల్లో బయటపడుతుంది. బోమెట్ వైపు పెద్దవాళ్లు కిప్సిగిస్ మాట్లాడతారు, కాబట్టి స్వాహిలీ నాలుగు మాటలు నేర్చినా నర్సు సాయం కావాలి. సీటీ రాసే ముందు కుటుంబం ఎంత కట్టగలదో అడగడం అక్కడి రౌండ్లలో మామూలే. ఉదయం ప్రార్థనకు రావాలా లేదా అన్నది ముందే అడగండి. రోగుల ఫోటోలు ఫోన్‌లో తీయకండి.

తిరిగొచ్చాక మూడు నెలల్లో జ్వరం వస్తే, మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా సరే, డెంగీ పరీక్షతో ఆగిపోకండి. కెన్యా వెళ్లొచ్చానని చెప్పి అదే రోజు మలేరియా స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేయించుకోండి, నెగెటివ్ వస్తే మర్నాడు మళ్లీ.