సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారా, హైబ్రిడ్డా, పెట్రోలా: కొనే ముందు ఎలా తేల్చుకోవాలి?

పాత కారు కొనేవాళ్లలో చాలామంది ముందు బండి చూస్తారు, నచ్చాక లెక్క వేస్తారు. అప్పటికి ఏ లెక్కైనా ఆ బండికే సరిపోతుంది. ముందు లెక్క తేల్చండి, తర్వాతే బండి చూడటానికి వెళ్లండి.

1. ప్లగ్ ఉందా?

మీ మీటరు నుంచి పార్కింగ్ దాకా 16 ఆంపియర్ల పాయింట్ లాగించుకోగలరా? లేకపోతే ఎలక్ట్రిక్ మాట ఇక్కడితో వదిలేయండి. పబ్లిక్ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు 20 రూపాయలు పెట్టి, గంటసేపు కూర్చుని వచ్చే బతుకుకు హైబ్రిడ్డే (పెట్రోలు ఇంజనుతో పాటు ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే కారు) నయం. కావాల్సినవి ఇవీ: 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు (దూరం ఎక్కువైతే 6), 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు), సరైన ఎర్తింగ్. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి ఛార్జ్ చేయడం మాత్రం వద్దు, రాత్రంతా 15 ఆంపియర్లు లాగితే అది కరిగిపోవచ్చు.

2. కిలోమీటరుకు ఎంత?

హైదరాబాద్ సిటీ వాడకానికి, లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుని చూద్దాం. 1.2 లీటర్ల పెట్రోలు కారు ట్రాఫిక్‌లో 14 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు 7.60 అవుతుంది. హైరైడర్, గ్రాండ్ విటారా లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ (కొంతదూరం ఒట్టి మోటారు మీద కూడా నడిచేది) 21 ఇస్తే 5.10. నెక్సాన్ ఈవీ లాంటిది, ఛార్జింగ్‌లో పోయే 10–15 శాతం కూడా కలిపితే, గోడ దగ్గరి యూనిట్‌కు 6 కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుంది. యూనిట్ 9.50 చొప్పున కిలోమీటరుకు దాదాపు 1.50 పడుతుంది. బిల్లులోని సగటు రేటు తీసుకుంటే తప్పుతారు. కారు యూనిట్లు ఇంటి వాడకం మీద అదనంగా పడతాయి కాబట్టి పై స్లాబు రేటే పట్టుకోవాలి.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుతో పోలిస్తే ఎలక్ట్రిక్‌లో 6,000 మిగులుతుంది, హైబ్రిడ్‌లో 2,500. నెలకు 500 కూడా తిరగనివాళ్లు మంచి పెట్రోలు కారు కొనుక్కుని హాయిగా ఉండండి. హైబ్రిడ్ లాభమంతా సిగ్నళ్ల దగ్గరే. వారానికోసారి విజయవాడ హైవే మీద 100 స్పీడులో పోయేవాళ్లకు ఆ తేడా బాగా తగ్గిపోతుంది.

ఇంకో లెక్క చాలామంది మరిచిపోతారు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 చివరిదాకా కొత్త ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. అందుకే పాత ఎలక్ట్రిక్ కారు ధరను అమ్మేవాడు అప్పట్లో పెట్టిన డబ్బుతో కాదు, ఈ రోజు కొత్త కారు ఆన్‌రోడ్ ధరతో పోల్చండి.

3. బ్యాటరీ: అందరూ బోల్తా పడేది ఇక్కడే

డాష్‌బోర్డు మీద 'రేంజ్ 215' అని చూపించి అమ్మేస్తారు. అది బ్యాటరీ ఆరోగ్యం కాదు. ఈమధ్య ఆ బండిని ఎంత నెమ్మదిగా నడిపారన్నదాని మీద కట్టిన అంచనా. నాలుగు రోజులు 40 స్పీడులో, ఏసీ లేకుండా తిప్పితే అరిగిపోయిన బ్యాటరీ కూడా మంచి అంకె చూపిస్తుంది.

కొందరు ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్లోని అంకెలు చదివే పరికరం) పెట్టి 'ఎస్ఓహెచ్ 97 శాతం', అంటే బ్యాటరీ ఆరోగ్యం 97 శాతం అని చూపిస్తారు. దాన్నీ ఒంటిగా నమ్మకండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీల్లో ఛార్జ్ మధ్యలో ఉన్నంతసేపూ వోల్టేజ్ దాదాపు ఒకేలా ఉంటుంది. తరచూ 100 దాకా నింపని బండిలో బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకునే కంప్యూటరు) లెక్క తప్పుతూ పోతుంది. స్కానర్ చదివేది ఆ తప్పిన లెక్కనే.

సరైన పరీక్షకు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అంత సమయం ఇవ్వనంటే ఆ బండి వదిలేయండి. ముందురోజు రాత్రి స్లో ఛార్జర్‌తో 100 దాకా నింపమనండి. 100 చూపించాక కూడా ఛార్జింగ్ తనంతట తాను ఆగేదాకా ప్లగ్ తీయకూడదు, సెల్స్ సమం అయ్యేది అప్పుడే. పొద్దున ట్రిప్ మీటరు సున్నా చేసి, ఏసీ 24లో పెట్టి, సగం సిటీలో, సగం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 80 స్పీడులో 20 శాతానికి దిగేదాకా నడపండి. పది కిలోమీటర్లు తిప్పి లెక్క కడితే ఒక్క శాతం అటూ ఇటూ అయినా ఫలితం తారుమారవుతుంది.

40 కిందికి వచ్చాక కళ్లన్నీ శాతం అంకె మీదే ఉండాలి. 31, 30, 29 అని వరుసగా దిగితే మంచిదే. 26 ఉన్నది ఒక్క ఫ్లైఓవర్ ఎక్కేసరికి 17 అయితే ఏదో సెల్ బలహీనపడినట్టో, లెక్క తప్పినట్టో. సర్వీసు సెంటర్ నుంచి సెల్ వోల్టేజ్ రిపోర్టు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

తిరిగొచ్చాక మళ్లీ 100 దాకా ఛార్జ్ చేసి, మీటరు మీద ఎన్ని యూనిట్లు తిరిగాయో రాసుకోండి. ఇల్లంతా వాడే మీటరు పనికిరాదు, ప్లగ్‌కు తగిలించే 16 ఆంపియర్ల ఎనర్జీ మీటరు కావాలి. 20 నుంచి 100కి 24 యూనిట్లు పట్టాయనుకోండి. నష్టం తీసేయడానికి 0.88తో గుణిస్తే 21.1 వస్తుంది, దాన్ని 0.8తో భాగిస్తే 26.4. నెక్సాన్ ఈవీ మొదటి మోడల్ బ్యాటరీ 30.2 యూనిట్లు కాబట్టి 87 శాతం అన్నమాట. అందులో కొంత భాగాన్ని కంపెనీయే వాడనివ్వదు గనుక నిజానికి పరిస్థితి ఇంకాస్త మెరుగే. 85 పైన ఉంటే తీసుకోవచ్చు. 80 లోపైతే ఎంత తగ్గించినా వద్దు.

నంబరు ప్లేటు కూడా చూడండి. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలుంటే సొంత బండి, పసుపు అక్షరాలుంటే ట్యాక్సీ. ట్యాక్సీగా తిరిగి ప్రైవేటుకు మారిన బండ్లకు ఎండల్లో రోజూ ఫాస్ట్ ఛార్జింగ్ చేసి ఉంటారు, ఆర్‌సీ చరిత్ర అడగండి. బ్యాటరీ వారంటీ సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అది రెండో ఓనరుకు వర్తిస్తుందో లేదో ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీసు సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

4. హైబ్రిడ్, పెట్రోలు

మారుతి పాత సియాజ్, ఎర్టిగాల మీద ఉండే 'స్మార్ట్ హైబ్రిడ్' బ్యాడ్జికి అదనంగా పైసా ఇవ్వొద్దు, అవి మోటారు మీద నడవవు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో బ్యాటరీ చల్లబడే గాలి రంధ్రం, దాని ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయాయేమో చూడండి. నడుపుతుంటే ఛార్జ్ బార్లు నిమిషాల్లో నిండి నిమిషాల్లో ఖాళీ అవుతుంటే బ్యాటరీ అయిపోతున్నట్టే. పెట్రోలులో 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండికే మొగ్గు చూపండి, ఈ-20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలును తట్టుకునే భాగాలు వాటిలో ఉంటాయి.

మూడింటికీ వరద పరీక్ష తప్పదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లకు లెక్కలేదు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక చూడండి, కార్పెట్ కింద, సీటు పట్టాల మీద తుప్పు చూడండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో అనుమానం చాలు, వెనక్కి వచ్చేయండి.

5. కాగితాలు

ఓనరు మార్పుకు ఫారం 29, 30, లోను ఉంటే అది తీరినట్టు చూపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ, ఇన్సూరెన్సు బదిలీ: అన్నీ మామూలే. ఎలక్ట్రిక్ అయితే కారుతో వచ్చిన పోర్టబుల్ ఛార్జింగ్ కేబుల్ కూడా రాయించుకోండి. కొత్తది కొనాలంటే వేలల్లో పని. ఆ కేబుల్ డిక్కీలో పడ్డాకే మిగతా పైకం ఇవ్వండి.