వరద రోజుల్లో నీళ్ల విరేచనాలు: ఓఆర్ఎస్ కలిపే, పట్టే పద్ధతి

గోదావరికి ఎర్రనీరు దిగి కోనసీమ లంకల్లో బోర్లూ బావులూ మునిగితే, మరుగుదొడ్ల గుంతల నీరు తాగే నీటిలో కలుస్తుంది. ఆ తర్వాత పట్టుకునే విరేచనాల్లో పసివాళ్ల ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పే.

పెద్దవాళ్ల పేగుల్లోకి రోజుకు దాదాపు 9 లీటర్ల ద్రవం చేరుతుంది. తిండీ నీళ్ల ద్వారా వచ్చేది 2 లీటర్లే. మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగుల స్రావాలు. చిన్నపేగు అందులో చాలావరకు మళ్లీ రక్తంలోకి పీల్చుకుంటుంది. పెద్దపేగు దాకా వచ్చేది లీటరు, లీటరున్నర. మలంతో పోయేది 100-200 మి.లీ. మాత్రమే. కలరాలో క్రిమి వదిలిన విషం వల్ల పేగు గోడ ఉప్పునీటిని ఆగకుండా పేగులోకి కార్చేస్తుంది. అప్పుడు కూడా ఒక దారి పనిచేస్తూనే ఉంటుంది. సోడియాన్నీ గ్లూకోజ్‌నీ జంటగా పీల్చుకునే ప్రోటీన్ ఒకటి గోడ కణాల్లో ఉంది. ఆ రెండూ ఒంట్లోకి వెళితే నీరు వాటి వెంటే వెళుతుంది. ఒట్టి నీళ్లు ఎన్ని తాగించినా సరిపోనిది అందుకే. ఉప్పూ గ్లూకోజూ సరైన పాళ్లలో ఉన్న పొడిని నీళ్లలో కలిపి తాగించేదే ఓఆర్ఎస్.

నీళ్లు తెర్లాక ఒక నిమిషం పాటు మరగనిచ్చి, చల్లార్చండి. పటిక వేస్తే బురద అడుక్కి దిగుతుంది, క్రిములు చావవు. తేటగా ఉన్నాయని మరిగించకుండా వాడొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసి ఉందో అంతలోనే మొత్తం పొడి కలపాలి. సగం పొడి సగం గ్లాసులో అంటూ అందాజుగా కలిపితే కొలత తప్పుతుంది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ అంచుకు సమంగా కొలిచి వేయండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. పంచదార ఎక్కువైతే అది పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెంచుతుంది. కూల్‌డ్రింకులు, డబ్బా పళ్లరసాలు వద్దనేది ఇందుకే. కొబ్బరినీళ్లు మనకు కావలసినన్ని ఉన్నా, వాటిలో పొటాషియం బాగా ఉండి సోడియం తక్కువ. ఓఆర్ఎస్‌తో పాటు ఇవ్వొచ్చు, దాని బదులు కాదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50-100 మి.లీ., ఆపైన పదేళ్ల వరకు 100-200 మి.లీ., పెద్దలకు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిదానంగా పట్టండి. తల్లిపాలు, గంజి, మెత్తటి పెరుగన్నం మానొద్దు. పిల్లలకు జింక్ 10-14 రోజులు వేయాలి: ఆరు నెలల్లోపు రోజుకు 10 మి.గ్రా., ఆపైన 20. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. విరేచనాలు కట్టే మాత్రలు పిల్లలకు వేయనే కూడదు.

కళ్లు లోతుకు పోయినా, పొట్ట మీది చర్మం పట్టి వదిలితే మడత నెమ్మదిగా సర్దుకున్నా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. పడవ వచ్చేలోగా, పడవలోనూ ఓఆర్ఎస్ పడుతూనే ఉండండి. బిడ్డ మత్తుగా ఉండి మింగలేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్లండి.